పదిహేడు జేబుల మనిషి

“జేబులాయన పోయిండు సారూ” అన్నాడు మేస్త్రీ ఫోనులో. “మొన్న మంగళారం. పొద్దుగాల చాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపోయిండట.”

మేస్త్రీది నిజామాబాద్ దగ్గర పల్లె. నేను రియాద్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేసిన రోజుల్లో ఆయనా, ఆ పోయినాయనా ఒకే గదిలో ఉండేవాళ్లు. అందరం ఇళ్లకు చేరి చాలా కాలమైంది. నేను ఒంగోలులో స్థిరపడ్డాను. అయినా మేస్త్రీ ఏదో ఒక కబురు చెప్పడానికి ఫోన్ చేస్తూనే ఉంటాడు.

“లడాయిల మీరే గద సారూ, పోయి ఆయనను ఇడిపించుకొచ్చింది. గా సంగతి మేము మర్చిపోలే” అన్నాడు.

నేను “ఊఁ” అని ఊరుకున్నాను. ఆ మాట ముప్పై ఏళ్లకు పైగా వింటున్నాను. ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు.

ఆయన పేరు నాకు బాగా తెలుసు. ప్రతినెలా హాజరుపట్టీలో నా చేత్తో రాసిన పేరే. ఇక్కడ మాత్రం రాయను. ఒకసారి రాయకూడని కాగితం మీద రాశాను. అది చాలు.

జగిత్యాల వైపు మనిషి. ప్లంబరు. పొట్టి, సన్నం. ఎడమ కంటి రెప్ప సగం వాలి ఉండేది. దాంతో మనం ఏం చెప్తున్నా అందులో ఎంత అబద్ధముందో చూస్తున్నట్టు కనిపించేవాడు. ఏది అడిగినా తిన్నగా జవాబు వచ్చేది కాదు. “అన్నం తిన్నావా?” అంటే “ఎందుకడుగుతున్నరు?” అనేవాడు. “మూడో విల్లాలో కుళాయి బాగయిందా?” అంటే “ఎవలడిగిన్రు?” అనేవాడు. ఎవరడిగారో చెప్పాకే బాగయిందో లేదో చెప్పేవాడు. మెస్‌లో గోడకు వీపు ఆనించి, తలుపు కనబడే చోట కూర్చునేవాడు. ఎవరైనా చాయ్ పోసిస్తే, పోసినవాళ్లు ఒక గుక్క తాగేదాకా తన గ్లాసు ఎత్తేవాడు కాదు.

అలాంటి మనిషిని చూస్తే ఎవరికైనా ఏదో దాస్తున్నాడనే అనిపిస్తుంది. నాకూ అనిపించేది. పైగా ఎవరేం చేస్తున్నారో చూడటం నా ఉద్యోగం.

కువైట్ మీద ఇరాక్ సైన్యం పడిన ఏడాది మా కంపెనీ పని ఒక పెద్ద కాంపౌండ్‌లో. ఎత్తైన గోడల మధ్య వరసలు వరసలుగా విల్లాలు. అమెరికన్లు, ఇంగ్లీషువాళ్లు కుటుంబాలతో ఉండేవారు. కువైట్ వార్త వచ్చిన రెండు వారాలకే సగం విల్లాలు ఖాళీ అయ్యాయి. పిల్లల సైకిళ్లు వాకిట్లో, పాలు ఫ్రిజ్‌లో అలాగే వదిలేసి విమానాలెక్కారు. అలా వెళ్లినవాళ్లలో నీటి ప్లాంటు చూసే ఒక ముసలి అమెరికన్ ఇంజినీరు ఉన్నాడు. ఆయన వెళ్లిన మర్నాడు మా ప్లంబరు కొత్త కోటు వేసుకుని డ్యూటీకి వచ్చాడు.

చేతుల్లేని కోటు. ఎండిన నాచు రంగు. నడుము పైకే ఆగిపోయింది. బయట తొమ్మిది జేబులు, లోపల ఏడు, వీపు మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటి. మొత్తం పదిహేడు. ఎడమ రొమ్ము మీద అరచేతిలో సగమంత గొర్రెబొచ్చు ముక్క కుట్టి ఉంది. వెనక మెడ కింద ఒక ఇనుప రింగు వేలాడుతోంది. అదేం కోటో కాంపౌండ్ లైబ్రరీలో ఒక పాత పత్రిక తిరగేసినప్పుడు తెలిసింది. వాళ్ల దేశంలో సెలయేళ్లలో నడుంలోతున నిలబడి, ఈకలతో ఈగలా కట్టిన గాలాలు విసిరి చేపలు పడతారట. ఆ ఆటకు వేసుకునే కోటు. బొచ్చు ముక్క తడిసిన గాలాలు గుచ్చుకోవడానికి. రింగు వల తగిలించుకోవడానికి. సముద్రం ఎటు చూసినా ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న రియాద్‌లో దాన్ని వేసుకుని ఒక ప్లంబరు తిరుగుతున్నాడు.

“ఎక్కడిది?” అన్నాను.

“ఎందుకడుగుతున్నరు?”

“అడిగేది నేను. ఎక్కడిదంటే చెప్పు.”

“ముసలి సారు ఇచ్చిండు.”

“అంత మంచి కోటు నీకెందుకిచ్చాడు?”

“పనికొస్తదని. నిచ్చెన మీద రెండు చేతులు నిచ్చెనకే ఉండాలె సారు. పానా జేబుల ఉండాలె.”

నేను నమ్మలేదు. ఖాళీ విల్లాలోంచి గుడ్డముక్క బయటికి వచ్చినా దొంగతనమే అని కంపెనీ నోటీసు పెట్టింది. ఆ నోటీసు గోడలకు అంటించింది నేనే. అడుగుదామంటే ఇచ్చినాయన దేశంలో లేడు. ఆ రోజు ఊరుకున్నాను కానీ, ఆ కోటు మీద నుంచి నా కన్ను తిరగలేదు.

ఆ కోటు వచ్చాక ఆయన పని చేసే తీరే మారిపోయింది. అంతకుముందు సామాను ప్లాస్టిక్ సంచిలో పట్టుకుని తిరిగేవాడు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో నిచ్చెన. ఇప్పుడు రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చి, ఏం కావాలో చెప్పేలోపే వాషరో, తెల్ల టేపో, చిన్న పానానో కోటులోంచి తీసేవాడు. ఏ జేబులో ఏముందో చూడకుండానే చెయ్యి అక్కడికి వెళ్లేది. పైపు వెనక సందు చూడటానికి ఒక అద్దం ముక్క కూడా ఉండేది. మిగతా పనివాళ్లు ముచ్చటపడి దగ్గరికి వచ్చి చూడబోతే ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఎవరైనా నవ్వుతూ జేబు మీద చెయ్యి వేస్తే ఆ చేతిని పట్టుకుని పక్కకు పెట్టేవాడు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

యుద్ధం మొదలైంది. సైరన్లు మోగేవి. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం, టేపు అంటించాం. తలుపు కింద సందులో తడి తువ్వాళ్లు కూరేవాళ్లం. రేడియో చుట్టూ మూగేవాళ్లం. గ్యాసు బాంబులు వేస్తారంటే వేస్తారన్నారు. ఊళ్లో గూఢచారులు తిరుగుతున్నారన్నారు. ఎవరన్నారో తెలీదు. అందరూ అనేవాళ్లే. క్యాంపులో పక్క మంచం మనిషి రెండుసార్లు బయటికి వెళితే, ఎందుకు వెళ్లాడా అని లెక్కపెట్టుకునే రోజులు.

ఆ రోజుల్లోనే రెండు సంగతులు నా కంటబడ్డాయి.

ఒకటి, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా ఆయన కాంపౌండ్ నీటి ప్లాంటు వెనక నిలబడి కాగితం మీద ఏదో గీస్తున్నాడు. నాలుగడుగులు వేసి ఆగడం, నేలకేసి చూడటం, గీయడం. నన్ను చూసి కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“ఏంటది?”

“ఏం లేదు సారు.”

రెండోది అంతకంటే పెద్దది. యుద్ధం చూడటానికి విదేశీ విలేకరులు చాలామంది ఊళ్లో దిగారు. వాళ్లలో ఒకడు ఎవరినో కలవడానికి మా కాంపౌండ్‌కి వచ్చాడు. వాడి ఒంటి మీదా అచ్చం అలాంటి కోటే. గేటు దగ్గర మా ప్లంబరును చూసి పెద్దగా నవ్వాడు. ఆయన కోటు, తన కోటు చూపిస్తూ ఏదో అన్నాడు. చెయ్యి కలిపాడు. ఎవరినీ కోటు తాకనివ్వని మా మనిషి వెనక్కి తిరిగి వీపు జేబు ఎలా తెరుచుకుంటుందో వాడికి చూపించాడు. ఇద్దరూ ఐదు నిమిషాలు నిలబడ్డారు. వాడికి హిందీ రాదు. ఈయనకు ఇంగ్లీషు రాదు. మరి ఐదు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు?

ఆ వారంలోనే మా ఈజిప్షియన్ మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కాంపౌండ్ సెక్యూరిటీవాళ్లు అడుగుతున్నారట. యుద్ధం మొదలయ్యాక నడత మారినవాళ్లు, అనుమానం కలిగించేవాళ్లు ఎవరైనా ఉంటే పేర్లు రాసి ఇమ్మన్నాడు.

“ఎవరూ లేరు సార్” అన్నాను.

“నూటయాభై మందిలో ఒక్కడు కూడా లేడా?” అని నా మొహంలోకి చూశాడు. “అయితే నువ్వు సరిగా చూడటం లేదన్నమాట.”

అక్కడ ఉండటానికిచ్చే నా పర్మిట్టు, ఇకామా, రెన్యువల్‌కి వెళ్లి నెలన్నర అయింది. తిరిగి రాలేదు. కాగితం నా ముందుకు జరిపాడు. ఒక్క పేరు కూడా రాయకపోతే ఆ అనుమానం నా మీదికే వస్తుందనిపించింది. పెన్ను తీసి ఒక పేరు రాశాను. కింద రెండు వాక్యాలు. కాగితం మీద ఏదో గీస్తున్నాడు, విదేశీ విలేకరితో మాట్లాడాడు. రెండూ నిజాలే. అబద్ధం ఒక్క అక్షరం రాయలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు ఉదయం జీపు వచ్చి ఆయనను తీసుకెళ్లింది. మేస్త్రీ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“సారూ, ఏం తప్పు జేసిండని పట్కపోయిన్రు? మీరు ఇంగ్లీషొచ్చినోళ్లు. పోయి ఒక మాట మాట్లాడుండ్రి సారూ.”

“కనుక్కుంటాను” అన్నాను. కనుక్కోలేదు. రెండు రోజులు ఆఫీసులోంచి కదల్లేదు. మూడో రోజు పది గంటలకు సెక్యూరిటీవాళ్లే నాకోసం మనిషిని పంపారు. వాళ్లకు తెలుగు తెలిసినవాడు కావాలి.

చిన్న గది. బల్ల వెనక సౌదీ ఆఫీసరు. కుర్రవాడే. మర్యాదగా ఇంగ్లీషులో మాట్లాడాడు. గోడ పక్క స్టూలు మీద మా ప్లంబరు బనియనుతో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆ కోటు పరిచి ఉంది. పదిహేడు జేబులూ బ్లేడుతో కోసేశారు. గొర్రెబొచ్చు ముక్క కూడా ఊడదీసి చూశారు. పక్కన సామాను. పానా, వాషర్లు, టేపు, అద్దం ముక్క, బామ్ డబ్బా, సగం పెన్సిల్, ఒక ఆడమనిషి ఫోటో, మడతలు పడిన ఒక కాగితం, ఒక క్యాసెట్టు.

ముందు కాగితం చూపించాడు ఆఫీసరు. గీతలు. గీతల మీద గుండ్రాలు, ఇంటూలు, ఒకచోట చెప్పు, ఒకచోట చెట్టు బొమ్మ.

“ఇదేమిటో అడుగు. నీళ్లు ఆపేది అంటున్నాడు. నీళ్లు ఆపడమేమిటి?”

అడిగాను. ఆయన నా వైపు చూడకుండానే చెప్పాడు. “వాల్వులు సారు. ముసలి సారుకే ఎర్క ఉండె ఏ వాల్వు యాడున్నదో. ఆయన పోయిండు. బాంబు పడి పైపు పగిల్తె బంద్ జేసేటోడు ఎవడు? నాకు రాయొస్తదా? గందుకే గీసుకున్న.”

ఆఫీసరు లేచాడు. కాగితం పట్టుకుని ముగ్గురం ప్లాంటు వెనక్కి వెళ్లాం. కాగితంలో చెప్పు బొమ్మ ఉన్నచోట ఆగి, ఆయన కాలితో ఇసక తోశాడు. ఇనుప మూత. దాని కింద వాల్వు. చెట్టు బొమ్మ దగ్గర ఇంకోటి. అలా అన్నీ చూపించాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఆ కాంపౌండ్‌లో నాలుగేళ్లుగా తిరుగుతున్న నాకు ఆ మూతలు అక్కడున్నాయని కూడా తెలియదు.

తిరిగి గదికి వచ్చాక ఆఫీసరు క్యాసెట్టు టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. “ఒక్కొక్క మాటా చెప్పు” అన్నాడు.

ఆ రోజుల్లో చదువురాని ఇళ్లనుంచి ఉత్తరాలు అలాగే వచ్చేవి. ఎవరైనా సెలవుకు వెళ్లి వస్తుంటే క్యాసెట్టు ఇచ్చి పంపేవారు. ముందు కోడికూత వినిపించింది. తర్వాత ఆయన భార్య గొంతు.

“నేను మంచిగనే ఉన్న. పిల్ల మంచిగనే ఉన్నది. బర్రె ఈనింది, దూడ దక్కలే. కువైట్‌ల ఉన్నోళ్లంత ఉత్తచేతుల్తోని వస్తున్నరు. మన పక్కింటోడొచ్చిండు. చెప్పులు గూడ లెవ్వు. నువ్వు ఒచ్చెయ్యి. పైసల్ లేకున్నా మంచిదే…”

ఆపడం, నేను ఇంగ్లీషులో చెప్పడం, మళ్లీ నొక్కడం. ఆయన తల వంచుకుని తన కాలివేళ్లను చూస్తున్నాడు.

“…మా తమ్ముడు నిచ్చెన మీదికెంచి పడ్డనాటి సంది నాకు నిద్ర పడతలే. ఒక చేతిల పానా ఉండె, ఒక్క చేత్తోని ఎంతసేపు పట్టుకుంటడు. నువ్వు జాగ్రత. ఎవ్వల్ని నమ్మకు. మనోళ్లని గూడ నమ్మకు. నీ పాత అంగి మొఖం మీద కప్పుకొని పంటున్న.”

ఆఫీసరు నా వైపు చూశాడు. బావమరిది పడిపోయిన సంగతి చెప్పాను. భర్త కోసం బెంగగా ఉందట అన్నాను. మనవాళ్లను కూడా నమ్మకు అన్న మాట వదిలేశాను. ఆ మాట నేను దాటేసినప్పుడు స్టూలు మీద ఆయన తలెత్తి ఒక్కసారి నా మొహం చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాదనే నేను అనుకున్నాను.

ఆఫీసరు టేపు కట్టేశాడు. సామాను జాబితా రాయమన్నాడు. రాశాను. ఇద్దరినీ తనే కారులో క్యాంపుకు పంపించాడు.

గేటు దగ్గర మేస్త్రీతో సహా ఇరవై మంది ఎదురొచ్చారు. కారులోంచి నేను ముందు దిగాను, నా వెనక ఆయన. అంతే. చూసినవాళ్లకు అంతకంటే ఏం కావాలి? “సారు పోయి తీస్కొచ్చిండు” అన్నారు. ఎవరో నా చేతులు పట్టుకున్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కోటు చంకలో పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయాడు.

మూడు రోజులు డ్యూటీ అయ్యాక మెట్ల మీద కూర్చుని ఆ జేబులన్నీ నల్లదారంతో కుట్టుకున్నాడు. నాచు రంగు మీద నల్ల కుట్లు గాట్లలా కనిపించేవి. మేస్త్రీ ఒకటి కుట్టిపెడతానంటే ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి అనుమానం తిరగబడింది. ఆయనేం దాస్తున్నాడా అని చూసిన నేను, ఆయనకేం తెలుసా అని చూడటం మొదలుపెట్టాను. హాజరుపట్టీ మీద వేలిముద్ర వేయడానికి వస్తే నా కళ్లు ఆయన మొహం మీదే ఉండేవి. అందరూ నన్ను పొగుడుతుంటే ఆయన విని ఊరుకునేవాడు. అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తెలియక ఊరుకుంటున్నాడా, తెలిసి ఊరుకుంటున్నాడా? ఎన్నిసార్లు చూసినా ఆ సగం వాలిన రెప్ప వెనక ఏముందో తెలిసేది కాదు.

యుద్ధం అయిపోయింది. ఇళ్లకు పోయిన అమెరికన్లలో కొందరు తిరిగొచ్చారు. ముసలి ఇంజినీరు రాలేదు. కోటు గురించి అడుగుదామనుకున్న నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఈలోగా క్యాంపులో అందరికీ ఆ కోటు మీద మోజు పుట్టింది. ఎలక్ట్రీషియన్లకు కావాలి, ఏసీ మెకానిక్కులకు కావాలి. రియాద్ బతా బజారులో ఒక పాకిస్తానీ దర్జీ చూసి కుడతానన్నాడు. అయితే నమూనా తన దగ్గర వదిలి వెళ్లాలన్నాడు. మా మనిషి వదల్లేదు. శుక్రవారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా దర్జీ ఎదురుగా కూర్చుని, ఒంటి మీద ఉండగానే కొలతలు తీయించాడు. ముందు మేస్త్రీకి ఒకటి వచ్చింది. తర్వాత పది. రెండేళ్లు తిరిగేసరికి ఆ దర్జీ కొట్టు బయట వరసగా వేలాడేవి. ఆ గొర్రెబొచ్చు ముక్క ఎందుకో దర్జీకి తెలియదు. అయినా అన్నిటికీ ఒక దుప్పటి ముక్క కుట్టేవాడు.

నేనూ ఒకటి కుట్టించుకున్నాను. వేసుకుని ఆఫీసుకు వెళ్లిన రోజు ఆయన ఎదురుపడ్డాడు. పైనుంచి కిందికి చూశాడు.

“మీకెందుకు సారు? మీ పని పెన్నుతోనే గద.”

మామూలుగానే అన్నాడు. నేను ఆ కోటు మళ్లీ వేసుకోలేదు.

కొన్నేళ్లకు కంపెనీకి రాబిగ్‌లో పని దొరికింది. ఎర్రసముద్రం ఒడ్డున రిఫైనరీ ఉన్న ఊరు. ఉద్యోగుల క్వార్టర్లు చూసుకునే పని. నన్ను పంపారు. ప్లంబర్ల జాబితాలో ఆయన పేరూ ఉంది. రాబిగ్‌లో ఆయన శుక్రవారాలు సముద్రానికి వెళ్లడం మొదలుపెట్టాడు. తీరం కాపలావాళ్లకు ఇకామా చూపించి, నీళ్ల సీసాకు చుట్టిన తాడుతో గాలం వేసేవాడు. ఒకరోజు ఎదురుపడితే రొమ్ము మీద బొచ్చుముక్కకు నాలుగు గాలాలు గుచ్చి ఉన్నాయి. “గిది గిందుకే ఉన్నట్టున్నది సారు” అన్నాడు. అన్నేళ్లు మోశాక దాని ఉపయోగం తనే కనిపెట్టుకున్నాడు. నాకు ముందే తెలుసని చెప్పలేదు.

ఆ తర్వాతి శుక్రవారం నా గది ముందు కాగితంలో చుట్టిన చేప ఉంది. శుభ్రం చేసి, ఉప్పు పసుపు రాసి. ఆయనే అని తెలుస్తూనే ఉంది. నేను వండలేదు. మా కేరళ స్టోర్‌కీపర్‌కు ఇచ్చేశాను. మర్నాడు అతను డ్యూటీకి వచ్చాడా లేదా అని ఏడు గంటలనుంచీ గేటుకేసి చూశాను. వచ్చాడు. చేప చాలా బాగుందన్నాడు. రెండో వారమూ అతనికే ఇచ్చాను. మూడో వారం నేను వండుకున్నాను. అలా ఏడాదిన్నర పాటు చేపలు వస్తూనే ఉన్నాయి. ఎందుకిస్తున్నావని నేను అడగలేదు. ఇచ్చానని ఆయన చెప్పలేదు.

ఒక గురువారం ఆఫీసుకు వచ్చి నిలబడ్డాడు.

“రేపు సముద్రం కాడికి రాండ్రి సారు.”

“ఎందుకు?” అన్నాను. ఆయన ప్రశ్న నా నోట వచ్చింది.

“రాండ్రి.”

రాత్రంతా ఆలోచించాను. ఒంటరి ఒడ్డు. అన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు? ఒంట్లో బాగాలేదని చెబుదామనుకున్నాను. మళ్లీ వెళ్లకపోతే ఏమనుకుంటాడోనని వెళ్లాను. మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టింది. దూరంగా కాపలావాళ్ల గది కనబడుతుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంది. ఆయన గాలం విసిరి, తాడు వేలికి చుట్టుకుని, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

“ఎగ్జిట్ కొట్టిచ్చిన సారు. ఎల్లుండి పోతున్న. మల్ల రాను.”

“మంచిది. పిల్ల పెళ్లి చేశావు. ఇంకేం” అన్నాను.

“నా పేరు రాసింది మీరేనని నాకు గప్పుడే ఎర్క.”

అలలు చిన్నగా ఉన్నాయి. ఆయన గొంతు పెంచలేదు. నేను విననట్టు ఉండే వీలు లేదు.

“ఎవరు చెప్పారు?”

“ఎవలు జెప్పాలె? మీరు రాసిన కాగితం గా ఆఫీసరు బల్ల మీదనే ఉండె. చదువు రాకున్నా, మీ చేతిరాతల నా పేరు ఎట్లుంటదో నాకెర్క సారు. నెలనెల దాని పక్కకే ఏలు పెట్టిన గద.”

అన్నేళ్లూ ఆయన కంటి రెప్పనే చూశాను. ఆయన వేలు చూడలేదు.

“ఎందుకు రాసిన్రు?”

“భయమేసింది. ఒక పేరైనా రాయమన్నారు.”

“నా పేరే ఎందుకు?”

అబద్ధం చెప్పొచ్చు. కాగితం, విలేకరి, ఏదో ఒకటి చెప్పొచ్చు. ఒడ్డున ఆయన పక్కన కూర్చుని చెప్పలేకపోయాను.

“నువ్వెవరితోనూ కలవవు. నిన్ను తీసుకెళ్తే నీకోసం ఎవరూ అడగరనుకున్నాను.”

తాడు కొంచెం లాగాడు, వదిలాడు.

“మేస్త్రీ అడిగిండు గద” అన్నాడు చివరికి.

“అడిగాడు.”

“ఆయన అడుగుతడని నేను గూడ అనుకోలే.”

“నామీద కోపం లేదా?” అన్నాను.

“కోపం పోయింది సారు. నమ్మకం రాలే. మీరే ఒచ్చి చెప్తరని సూసిన. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరు అని సూసిన. అందరు మిమ్ముల మెచ్చుకుంటుంటె గప్పుడన్న చెప్తరనుకున్న.”

“మరి చేపలెందుకిచ్చావు?”

“తింటరో తినరో సూద్దామని.” ఇటు తిరిగాడు. “తిన్నరా?”

“తిన్నాను.”

“ఎన్నో వారం సంది?”

“మూడో వారం నుంచి.”

ఆయన నవ్వాడు. పదేళ్లకు పైగా ఎరిగిన మనిషి నవ్వడం అప్పుడే చూశాను. పై పన్ను ఒకటి లేదు.

అంతలో తాడు బిగిసింది. చేప కాదు. గాలం నీళ్లకింద రాయికి పట్టుకుంది. రెండు మూడు సార్లు లాగి చూశాడు. రాలేదు. తాడు తెంపేస్తాడనుకున్నాను. లేచి నిలబడ్డాడు. కోటు విప్పాడు. ఇసకలో పెట్టబోయి, తడి ఇసక చూసి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

“పట్టుకోండ్రి.”

నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు, నడుము, రొమ్ముదాకా. నేను ఆ కోటు రెండు చేతులమీదా పట్టుకుని నిలబడ్డాను. బరువుగా ఉంది. చెమట వాసన, చేప వాసన. నల్లదారం కుట్లు వేళ్లకు గరుకుగా తగులుతున్నాయి. ఒక జేబులో ఏదో గట్టిగా, మరో జేబులో కాగితంలాంటిదేదో మెత్తగా తగిలింది. ఏ జేబులోనూ చెయ్యి పెట్టలేదు. చేతులు కదిపితే ఆయన అటునుంచి చూసి ఏమనుకుంటాడోనని, ఎలా పట్టుకున్నవాణ్ని అలాగే ఉండిపోయాను.

గాలం విడిపించుకుని, నీళ్లోడుతున్న బట్టలతో వచ్చాడు. తలగుడ్డతో చేతులు తుడుచుకుని కోటు తీసుకున్నాడు. వేసుకున్నాడు. నా ఎదుటే నిలబడి, పైనున్న జేబునుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరిచి, లోపల వేళ్లు పెట్టి చూసుకున్నాడు. తొమ్మిది, ఏడు, చివరికి వెనక్కి చెయ్యి పోనిచ్చి వీపు జేబు. నేను కదలకుండా నిలబడ్డాను.

“అన్ని ఉన్నయి సారు” అన్నాడు.

“మళ్లీ ఒకసారి చూసుకో” అన్నాను.

ఆయన నిజంగానే మళ్లీ ఒకసారి చూసుకున్నాడు.